బ్యాటరీ బొమ్మ

డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆ చిన్న బొమ్మను నేను ఏడాదికి పైగా తప్పుగా చదివాను. బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది కాబట్టి బ్యాటరీయే పాడైందనుకున్నాను. నష్టం నా జేబుకే పరిమితమై ఉంటే ఈ సంగతి నాలోనే దాచుకునేవాణ్ణి. కానీ ఒకరి మర్యాద తీశాను, మా అమ్మను అర్ధరాత్రి వానలో రోడ్డు పక్కన నిలబెట్టాను.

కారు కొని అప్పటికి తొమ్మిదేళ్లు. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు మసకబారేవి, యాక్సిలరేటర్ తొక్కగానే తేరుకునేవి. బానెట్ కింద సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ఒకరోజు పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ మని ఊరుకుంది. కొత్త బ్యాటరీ వేయించాను, అన్నీ సర్దుకున్నట్టే కనిపించాయి. షాపు నుంచి నిండుగా వచ్చిన బ్యాటరీ చార్జింగ్ లోటును కొంతకాలం కప్పిపెడుతుందని అప్పటికి తెలియదు.

ఆరో నెలలో అదీ డౌన్ అయింది. తీసుకెళ్లి షాపులో పెట్టాను. అక్కడ పనిచేసే కుర్రాడు రాత్రంతా చార్జింగ్ పెట్టి, మర్నాడు మీటర్ పెట్టి నాకే చూపించాడు. 12.6 వోల్టులు. "బ్యాటరీ మంచిగనే ఉంది సార్. ఒకసారి డైనమో చూపించుకోండి" అన్నాడు. నాసిరకం సరుకు అంటగట్టి పైగా కబుర్లు చెబుతున్నావని అరిచాను. అతని యజమాని ముందు, నలుగురు గిరాకీల ముందు. అతను ఒక్క మాట తిరిగి అనలేదు. వేరే షాపుకెళ్లి రెండో బ్యాటరీ కొన్నాను.

డైనమో అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. నా చిన్నప్పుడు నాన్న అంబాసిడర్‌కు ఏ తేడా వచ్చినా మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసేవాడు. ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు లెక్క. ఇప్పటి కార్లలో ఉండేది ఆల్టర్నేటర్. మన మెకానిక్‌లు దాన్నీ డైనమో అనే పిలుస్తారు. పేరు ఒకటే కదా, పరీక్షా ఒకటే అయి ఉంటుందనుకున్నాను. అమ్మతో కలిసి విజయవాడ వెళ్లే ముందురోజు సాయంత్రం ఆ ఎర్రబొమ్మ మళ్లీ మినుకుమంటే, స్పానర్ పట్టుకుని ఆ పనే చేశాను. ఇంజిన్ ఆగలేదు. డైనమోకు ఢోకా లేదని అమ్మకు కూడా చెప్పాను.

ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, రెగ్యులేటర్ వోల్టేజీని 14 దరిదాపుల్లో పట్టి ఉంచుతుంది. పొంగి వచ్చే కరెంటును ఎప్పటికప్పుడు తనలోకి తీసుకునేది బ్యాటరీ. నడుస్తున్న ఇంజిన్ మీద దాన్ని తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. డయోడ్లు పోవచ్చు, రెగ్యులేటర్ పోవచ్చు, ఇంజిన్‌ను నడిపించే ఈసీయూ కూడా పోవచ్చు. నేను చేసింది పరీక్ష కాదు, ఉన్న జబ్బును ముదరబెట్టడం.

మర్నాడు రాత్రి నకిరేకల్ దాటాక వాన అందుకుంది. వైపర్లు, లైట్లు, ఏసీ అన్నీ నడుస్తున్నాయి. బొమ్మ వెలిగి ఇక ఆరలేదు. కాసేపటికి వైపర్లు నీరసంగా కదలసాగాయి, లైట్లు పసుపుపచ్చగా మారాయి, స్టీరింగ్ బిగుసుకుంది. బండిని అతికష్టం మీద పక్కకు తీసేసరికి ఇంజిన్ ఆగిపోయింది. పార్కింగ్ లైట్లు కూడా వెలగలేదు. వెనక నుంచి లారీలు వస్తున్నాయి, చీకట్లో మా కారు వాటికి కనిపించదు. డెబ్బై ఆరేళ్ల అమ్మను చెయ్యి పట్టుకుని దింపి, రోడ్డుకు దూరంగా ఒక వేపచెట్టు కింద నిలబెట్టాను. సెల్‌ఫోన్ లైటు ఊపుతూ నేను కారు వెనక నిలబడ్డాను. అమ్మ ఏమీ అనలేదు. చలికి వణుకుతూ, "నువ్వు రోడ్డు మీదకు రాకురా" అని మాత్రం రెండుసార్లు కేకేసింది.

పొద్దున కారును ఎలాగో సూర్యాపేట చేర్చాక, అక్కడ ఒక పెద్దాయన ఆల్టర్నేటర్ విప్పాడు. కార్బన్లు అరిగి గింజంత మిగిలాయి, బేరింగ్ వదులైంది, డయోడ్ ప్లేటు మాడిపోయింది. "కార్బన్లు, బేరింగులు ముందే మారిస్తే ఇది ఇంకా నడుస్తుండె" అన్నాడు. ఆ ఖర్చు కొత్త ఆల్టర్నేటర్ ధరలో చిన్న వంతు. రిపేరు చేయమని అడిగాను. రోటార్ మీద కార్బన్లు రుద్దుకునే రింగులు గాడి పడ్డాయని చూపించి, ఇంత దూరం వచ్చాక కొత్తదే మేలన్నాడు.

ఆల్టర్నేటర్ మామూలుగా ఏడు నుంచి పదేళ్లు, లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్లు వస్తుందని చెప్పాడు. అయితే ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబడే బండికి, పెద్ద పెద్ద లైట్లు, సౌండ్ బాక్సులు తగిలించిన బండికి ఆ లెక్క నమ్మొద్దన్నాడు. ఒక్కోసారి వదులైన బెల్టు, తుప్పు పట్టిన టెర్మినల్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయట, అందుకే ముందు వాటిని చూసి తర్వాతే ఆల్టర్నేటర్ మీద చెయ్యి వేయాలట. ఆ ఎర్రబొమ్మ బ్యాటరీ జబ్బు గురించి చెప్పదు, చార్జింగ్ అందడం లేదని చెబుతుంది. ఆ మాటా ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో రోజు మొదటి షాపుకు వెళ్లాను. ఆ కుర్రాడు నన్ను గుర్తుపట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. అది చూశాక నేను కూడబెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. నీది తప్పు కాదు, నాదే, అప్పుడు నీ మాట విని ఉండాల్సింది అన్నాను. యజమానికి కూడా వినపడేలా మళ్లీ అన్నాను.

అతను తల ఊపి, మీటర్ తీసుకుని బయటికొచ్చాడు. "బండి స్టార్ట్ చెయ్యండి సార్." మీటర్ ముళ్లు రెండూ టెర్మినల్స్ మీద ఆనించాడు. 14.2.

"లైట్లు, ఏసీ వెయ్యండి."

వేశాను. 13.9 దగ్గర నిలబడింది. అతను ఆ అంకె నాకు కనిపించేలా మీటర్ పైకెత్తి పట్టుకున్నాడు.