గడప బయట నిలిచి: ఒక ఆటవెలదికి టీక

మూలం
స్పాను చేసి నిలిచి పాసువర్డడుగంగ
పంపి బదులు వినక పనులు చెప్ప
గడప బయట నిలిచి గదులూడ్చినట్లగు
మూడు మార్లు చూచి మూసుకొనును

సందర్భం: అర్ధరాత్రి క్రాన్ లేపితే లేచి, మనిషి తోడు లేకుండా దూరపు సర్వర్లోకి వెళ్లే ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టుకు చేసిన హితబోధ ఇది. ఎక్స్‌పెక్టును డాన్ లైబ్స్ 1990లో లోకానికిచ్చాడు. ఎదుటివాడి మాట విని బదులివ్వడమే దాని విద్య.

ప్రతిపదార్థం: స్పాను చేసి = ఎస్‌ఎస్‌హెచ్‌ను పుట్టించి; నిలిచి = కాచుకుని (ఏమీ చెప్పకుంటే 10 సెకన్లే); బదులు వినక = ‘పర్మిషన్ డినైడ్’ అన్నా చెవిన పెట్టక; పనులు చెప్ప = ఆజ్ఞలు పంపగా; గదులు + ఊడ్చినట్లు + అగు = ఏ గదీ ఊడ్వబడదని భావం.

తాత్పర్యం: పాస్‌వర్డు తప్పితే ఎస్‌ఎస్‌హెచ్ మళ్లీ అదే ప్రశ్న వేస్తుంది. వినని స్క్రిప్టు లోపలికి వచ్చేశాననుకుంటుంది. నా స్క్రిప్టొకటి అలాగే అనుకుంది. బ్యాకప్ తీయమన్న ఆజ్ఞ రెండో పాస్‌వర్డుగా జమైంది. చివర వినయంగా పలికిన ‘ఎగ్జిట్’ మూడోదైంది. ఆపైన ‘బ్యాకప్ పూర్తి’ అని నాకు మెయిలు. నెల్లాళ్లు నమ్మాను.

శంక: సర్వరు మామూలుగా 6 ప్రయత్నాలు ఓర్చుకుంటుంది కదా, ‘మూడు మార్లు’ అనడం దోషం కాదా? సమాధానం: మూడుసార్లడిగి మానుకునేది ఇవతలి క్లయింటే. కవి ‘మూయును’ అనక ‘మూసుకొనును’ అన్నది అందుకే.

విశేషాలు: స్క్రిప్టుల్లో ‘పాస్‌వర్డ్’ మొదటి అక్షరం కొరికేసి ‘ఆస్‌వర్డ్’ కోసం కాచుకోవడం కనిపిస్తుంది. అది లేఖకదోషం కాదు. కొన్ని యంత్రాలు పెద్ద పీతో, కొన్ని చిన్న పీతో అడుగుతాయి మరి. మన లిపికి ఆ బాధ లేదు. టెల్నెట్ వారికి ఇంకో చిక్కు: లోపలికి వెళ్లగానే ‘లాస్ట్ లాగిన్:’ అని సర్వరు పలకరిస్తే, అందులో ‘లాగిన్:’ ఒక్కటే విని స్క్రిప్టు మళ్లీ తన పేరు చెబుతుంది. భ్రాంతిమదలంకారం.

ప్రయోగం: పాస్‌వర్డు పంపాక షెల్ ప్రాంప్టు, డినైడ్, టైమవుట్, ఈఓఎఫ్ నాలుగింటికీ ఒకేచోట చెవి ఒగ్గాలి. రెండోసారి అడిగితే అదే పాస్‌వర్డు మళ్లీ పంపకుండా, సున్నా కాని ఎగ్జిట్ కోడుతో బయటపడాలి.

కీ జత పెట్టుకుని బ్యాచ్‌మోడ్ ఆన్ చేసుకున్నవారిని పాస్‌వర్డు అడగనే అడగదు. వారు ఈ పద్యం వదిలేయవచ్చు.