ఏలినవారి సముఖమునకు: చెరువు మీది దీపాల విషయమై

మహారాజశ్రీ చెరువుల సుందరీకరణకు కర్తలైన ఏలినవారికి, నారాయణరావుపేట పరిసరాల్లో చలికాలపు పక్షులను చూసేవారు సవినయంగా చేసుకునే విన్నపం:

ఈ పుష్యమాసంలో ఇక్కడి చెరువు కట్ట మీద వెలిసిన దీపస్తంభాలు, వాటి నడుమ కొలువుతీరిన సిమెంటు కొంగ, దాని కాళ్ల దగ్గరి సెల్ఫీ పాయింటు పలక ఏలినవారి సౌందర్యదృష్టికి నిదర్శనాలే. సిమెంటు కొంగకు మేత అక్కరలేదు, నిద్ర అక్కరలేదు, ఎండలు ముదరగానే ఎగిరిపోయి సందర్శకులను చిన్నబుచ్చే గుణమూ లేదు. అయితే ఆ దీపాలను నడిచేవారి దారికి కాక నేరుగా నీటి మీదికి తిప్పడంలోని మర్మం మాత్రం ఎవరికీ బోధపడటం లేదు.

శిఖం, అనగా చెరువు నిండినప్పుడు మునిగి నీరు తీసినకొద్దీ బయటపడే లోపలి నేల, రెవెన్యూ దస్త్రాలకు ఖాళీ జాగాగా కనిపించవచ్చు గాని, ఉత్తరాసియా నుంచి దిగివచ్చే సూదితోక బాతుకు అదే అన్నం కుండ. ఆ బాతు నిండా మునగదు. తోక ఆకాశానికి, తల నీటిలోకి పెట్టి, మెడ అందినంత లోతులోని గింజలనూ పురుగులనూ ఏరుకుంటుంది కనుక దానికి మూరెడు నీళ్లే కావాలి. పైగా ఈ జాతి బాతులు పగలు నడినీటిలో కునుకు తీసి, మేతకు ఎక్కువగా రాత్రివేళే ఒడ్డు చేరతాయి. ఆ ఒడ్డున పట్టపగలు లాంటి వెలుగు, జనం, డీజే పెట్టెల దద్దరింపు ఉంటే అవి ఎక్కడికి పోవాలి? ఇది తెలుసుకోవడానికి కమిటీ కావాలా? ఒక్క సాయంత్రం స్విచ్చు ఆపి చూడటానికి ఎవరి అనుమతి కావాలి?

చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయక సాగర్ జలాశయం 2020లో నిండిన తరువాత ఈ ప్రాంతానికి నీటి కరువు తగ్గిందన్నది కాదనలేని మేలు, దానిని తప్పుపట్టే రైతు గాని పక్షిప్రేమికుడు గాని ఉండడు. కాని లోతైన నీరు మూరెడు నీటికి బదులు కాదు; జలాశయాలు పెరిగినకొద్దీ పాత చెరువుల పల్చని అంచుల విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆ అంచులకే ఇప్పుడు రాతి కట్టుబడి వేస్తున్నారు. ఆ బురద అంచుల్లోనే మేసే నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది. బురదలోంచి తీసిన నత్తను ఆ ముక్కుతో నొక్కిపట్టి, లోపలి మాంసం లాగి, గుల్లను అక్కడే వదిలేస్తుంది. బురద పోయి రాయి వచ్చిన చోట దానికి నత్తా లేదు, పనీ లేదు.

చిత్తడి నేలల పరిరక్షణకు కేంద్రం 2017లో చేసిన నియమాలు సాగునీటి కోసం తవ్విన చెరువులను తమ నిర్వచనంలోంచే మినహాయించాయి గనుక, కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల సంప్రదాయం గురించి ఉపన్యసించే నేలలో చెరువు పక్షికి ఆ చట్టపు నీడ దొరకదు.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతుంది. ఏలినవారి దీపాలు సరిగ్గా ఆ నెలకే వెలిగాయి. అయ్యా, దీపాలు పీకేయమని ఎవరూ అడగటం లేదు. వాటి తలలను నేల వైపుకు, నడకదారి మీదికి వంచండి. మార్చి వెళ్లేదాకా రాత్రి తొమ్మిది తరువాత ఆర్పించండి. పడమటి అంచున ఇంకా రాయి పడని ఆ కాస్త బురదను అలాగే వదిలేయండి. దీనికి టెండరు అక్కరలేదు, శంకుస్థాపన అంతకన్నా అక్కరలేదు, ఒక నిచ్చెన, ఒక పానా ఉంటే కరెంటు పనివాడికి ఒక పూట పని.