వంటరానివాడి వంటిల్లు

మా వంటింటిని తిరగ కట్టించే బాధ్యత నాకు అప్పగించడానికి కారణం ఒక్కటే. ఆ గదిలో నాకు ఏ స్వార్థమూ లేదని ఇంటిల్లిపాదీ నమ్మారు. అమ్మ చెప్పినట్టు చేస్తే మా ఆవిడకు నచ్చదు, మా ఆవిడ చెప్పినట్టు చేస్తే అమ్మకు నచ్చదు. పంచదార డబ్బా ఎక్కడుందో కూడా తెలియదని పేరున్న నేను ఇద్దరికీ నచ్చాను.

ఏమీ తెలియకపోవడం అర్హత కావడం నాతోనే మొదలు కాలేదు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్న దానికి మూలం, 1926లో జర్మనీలో పుట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. దానికి ప్లాను గీసిన ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెట్ షూటె-లిహోట్స్కీ, అప్పటికి తనకు వంట రాదనీ, ఇల్లు నడిపిన అనుభవం లేదనీ తర్వాత తనే చెప్పింది. ఈ సంగతి చదివాక నాకు పట్టరాని ధైర్యం వచ్చింది. వెంటనే అమ్మకు చెప్పాను.

"అయితే ఆవిడ ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టిందిరా?"

"పప్పులకీ పిండికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టిందమ్మా."

"నేనడిగింది జాడీల గురించి."

నా దగ్గర జవాబు లేదు. ప్లైవుడ్ మీదికి మళ్లాను. సింకు కింద మామూలు ప్లై వేస్తే నీళ్లకు ఉబ్బిపోతుందనీ, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వాడాలనీ కంఠస్థం చేసి కార్పెంటర్‌కి అప్పజెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. "అదే వేద్దాం సార్. ముందు ఆ కారే పంపు బాగు చేయించండి," అన్నాడు. ఆ పంపు బాగు చేయిస్తానని నేను మొదట ఎప్పుడు మాటిచ్చానో మా ఆవిడ అతనికి పండగల లెక్కన చెప్పింది.

అసలు గండం వంటగట్టు ఎత్తు దగ్గర వచ్చింది. మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాలు దిగువన గట్టు ఉంటే నడుము నొప్పి రాదని ఒక లెక్క. ఎవరి మోచేతికన్నది ఆ లెక్కలో లేదు. అమ్మకు 30 అంగుళాలు కావాలి, మా ఆవిడకు 34. నేను సగటు తీసి 32 అని తీర్పు చెప్పాను. అత్తాకోడళ్లు ఏకాభిప్రాయానికి రావడం అప్పుడే చూశాను. నన్ను హాల్లో కూర్చోమన్నారు.

నేను లేని సభలో మేస్త్రీ క్షణంలో తేల్చేశాడట. పొయ్యి ఉండే చోట గట్టు దించుదాం, గిన్నె ఎత్తు ఎలాగూ కలుస్తుంది. కూరలు తరిగే చోట పెంచుదాం అన్నాడట. జాడీలకు కింద కడప బండతో అర కూడా అప్పుడే ఖాయమైపోయింది.

నా మాట నెగ్గింది గ్రానైటులోనే. చీమకుర్తి నల్లరాయి, అందులో బంగారు చుక్కలు. "ఇదైతే కాఫీ కలిపినప్పుడు ఒలికిన పంచదార కనబడదు," అని నోరు జారాను. నాకు స్వార్థం లేదన్న నమ్మకం అక్కడితో సరి.

ఇప్పుడు వంటిల్లు బ్రహ్మాండంగా ఉంది. చిక్కల్లా ఆ సాఫ్ట్ క్లోజ్ తలుపులతోనే. వెనకటి అల్మారా తలుపు ధడేలుమంటే మా ఆవిడకు కోపం వచ్చిందని హాల్లోంచే తెలిసేది. ధ్వనిని బట్టి తప్పెంత పెద్దదో కూడా అంచనా వేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎంత విసురుగా తోసినా ఆ తలుపు చివర్లో మర్యాదగా ఆగి, మెల్లగా మూసుకుంటుంది. నాకు కబురందే దారి లేదు. అందుకే రోజూ సాయంత్రం ముందుజాగ్రత్తగా వెళ్లి, తప్పయిపోయిందని చెప్పేసి వస్తున్నాను. ఏ తప్పని ఆవిడ ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు.