తెల్ల పసుపు

కరీంనగర్ పోయొచ్చిన మా బిడ్డ ఒక ఫేస్‌వాష్ తెచ్చుకుంది. ట్యూబు మీద నిగనిగలాడే పసుపు కొమ్ము బొమ్మ. పిండితే మాత్రం సున్నమంత తెల్లగా వచ్చింది. "ఇండ్ల పసుపు ఏడుందే?" అంది మా అమ్మ. "లోపటుంటది బాపమ్మా!"

నేను అద్దాలు పెట్టుకుని వెనక చీటీ చదివాను. మొదట నీళ్లు, ఆపైన నురుగు మందులు, ఆపైన అత్తరు. అదీ దాటాక, కర్క్యుమా లోంగా. మన పసుపుకే అది పెద్దింటి పేరు. ఎక్కువ పడ్డ సరుకు ముందు రాయడం రివాజు. అంటే పెళ్లికొడుకుకు చివరి పంక్తిలో విస్తరి వేశారన్నమాట.

కొన్ని క్రీముల్లో టెట్రాహైడ్రోకర్క్యుమిన్ ఉంటుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌కు హైడ్రోజన్ పట్టించి, రంగు పోగొట్టిన పదార్థం. పసుపు కావాలి, పచ్చదనం వద్దు!

ఇక పసుపు రాస్తే ఒళ్లు తెల్లబడుతుందనే ముచ్చట. పసుపుతో తెల్లబడేదుంటే జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల పల్లెలు ఈపాటికి మంచుకొండలు కావాలి. జూన్‌లో నాటి, తొమ్మిది నెలలు సాకి, తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసే ఆడకూలీలకు ఒళ్లంతా పసుపే. నిజామాబాద్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకు చెమట కూడా పచ్చనే. వాళ్లలో ఒక్కరినీ ఏ ట్యూబు మీదా చూడలేదు. పసుపు బోర్డు కోసం, ధర కోసం 2019లో నిజామాబాద్ ఎంపీ సీటుకు 178 మంది రైతులు పోటీకి దిగితే, పోలింగ్ బూత్‌కు 12 ఓటు యంత్రాలు పేర్చాల్సి వచ్చింది. బోర్డు 2025 సంక్రాంతికి గాని రాలేదు. ట్యూబుకు మాత్రం ఎప్పుడూ గిరాకీయే.

పసుపుకు గుణం లేదని కాదు. గాయాలకు దాని వాడకం మీద మిసిసిపీ యూనివర్సిటీ వాళ్లు 1995లో అమెరికా పేటెంట్ పుచ్చుకుంటే, మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి 1997లో రద్దు చేయించింది. కానీ "నేచురల్ గదా, ఏంగాదు" అనే ధీమా ఉందే, అది మహా చెడ్డది. కొందరికి పసుపు పడదు, దద్దుర్లొస్తాయి. పైగా కొమ్ము మెరవాలని లెడ్ క్రోమేట్ పూసే ఘనులున్నారు. అందులో సీసం ఉంటుంది. కొత్తదేదైనా మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడమంటే మా బిడ్డకు ఓపిక లేదు, రేపే ఫంక్షనట.

ఓదెల మల్లన్న గుడి దగ్గర బండారి పసుపు పడిన అంగీ నాలుగు ఉతుకులకూ తెల్లబడదు. మా అమ్మకు ఆ సంగతి తెలుసు. ట్యూబు పిండి తెల్ల తువ్వాలకు రుద్ది, వెలుతురులో పట్టి చూసింది.

"మరక లేదు. వాపసిచ్చి రాపో."