ఉమ్ము మనది, సొమ్ము వాళ్లది

బడిలో చూయింగ్ గమ్ నమిలితే మాస్టారు చెవి మెలిపెట్టి, "ఏరా, నెమరేస్తున్నావా?" అని బెంచీ ఎక్కించేవారు. పాపం, ఆయనకు శాస్త్రం తెలియదు. ఆ నెమరువేతే ఇప్పుడు వైద్యం. భోజనం చేశాక 20 నిమిషాలు చక్కెర లేని గమ్ నమిలితే పళ్లు పుచ్చడం తగ్గుతుందని సాక్షాత్తూ అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సెలవిచ్చింది.

గమ్‌కు పట్టిన రాజయోగం చూడండి. మొన్నమొన్నటిదాకా కిరాణా కొట్లో దాని కొలువు చిల్లర నాణెం కొలువు. "చిల్లర లేదండీ, ఇవి తీసుకోండి" అని కొట్టాయన రెండు బిళ్లలు మన చేతిలో పెట్టేవాడు. ఫోన్‌పేలొచ్చి లెక్క పైసలతో సహా తేలిపోతుంటే ఆ ఉద్యోగం ఊడింది. ఊడిన మర్నాడే తెల్లకోటు తొడుక్కుని మెడికల్ షాపు కౌంటరెక్కింది.

ప్యాకెట్ ముందువైపు పచ్చటి ఆకు, తళతళలాడే పన్ను, "షుగర్ ఫ్రీ", "సహజమైన తీపి", అన్నిటికంటే పెద్దక్షరాల్లో "జైలిటాల్". ఇప్పుడు వెనక్కి తిప్పండి. కళ్లజోడు చాలదు, ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకోవాలి. అక్కడ తీపి పదార్థాలకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఏది బరువెక్కువైతే అది ముందు రాయాలన్నది నియమం. జైలిటాల్ నంబరు 967. చాలా ప్యాకెట్ల మీద అది వరస చివర బిక్కుబిక్కుమంటూ కనిపిస్తుంది. ముందు కూర్చున్నది సార్బిటాల్. దాని నంబరు 420.

ఒట్టు, ఆ నంబరు నేను పెట్టింది కాదు. ఆహారంలో కలిపే పదార్థాలకు ప్రపంచమంతటికీ కలిపి వేసిన పట్టికలో సార్బిటాల్‌కు దక్కిందే అది. మన మోసగాళ్లకు ఆ బిరుదు ఇచ్చిన ఐపీసీ 2024 జూలై 1న మూలపడింది, చీటింగ్ కేసులు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318 కింద పెడుతున్నారు. గమ్ ప్యాకెట్ మీద మాత్రం ఫోర్ ట్వంటీ చెక్కుచెదరలేదు. న్యాయంగా చెప్పాలంటే సార్బిటాల్ విషమేమీ కాదు. చవకైన తీపి, పళ్లకు చక్కెరంత చేటు చేయదు. బాధల్లా శుభలేఖలో ఒకరి పేరు వేసి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టడమే.

జైలిటాల్ గొప్పదనం కట్టుకథ కాదు. 1970లలో ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు వందమందికి పైగా మనుషుల్ని మూడు జట్లు చేసి, రెండేళ్లపాటు ఒక జట్టుకు చక్కెర, ఒక జట్టుకు ఫ్రక్టోజ్, ఒక జట్టుకు జైలిటాల్ పెట్టారు. పళ్లు పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా చక్కెర తిని ఆమ్లం కక్కుతుంది, పంటి ఎనామిల్‌ను తొలిచేది ఆ ఆమ్లమే. జైలిటాల్‌ను అది మింగుతుంది గానీ అరిగించుకోలేదు. జైలిటాల్ జట్టువాళ్లకు కొత్తగా పుచ్చిన పళ్లు బాగా తక్కువ. విడిగా ఏడాదిపాటు చేసిన గమ్ పరీక్షా కలిసొచ్చింది. 1975కల్లా అక్కడ జైలిటాల్ గమ్ అమ్మకానికి వచ్చేసింది.

అయితే ఆ రెండేళ్ల పరీక్షలో జైలిటాల్ జట్టువాళ్లు తిన్న దాదాపు ప్రతి తీపిలోంచీ చక్కెర తీసేశారు. ఈ ముక్క ఏ ప్రకటనలోనూ వినపడదు. పొద్దుటినుంచి నాలుగు టీలు, సాయంత్రం రెండు జిలేబీలు, ఆపైన పాపపరిహారంగా ఒక గమ్ము బిళ్ల. ఈ వైద్యానికి తుర్కులో ఎవరూ సంతకం పెట్టలేదు.

యూరప్‌వాళ్లు ఈ బేరం ముందే పసిగట్టినట్టున్నారు. గమ్‌లో తీపి నూటికి నూరుపాళ్లూ జైలిటాల్‌దే అయి, 2-3 గ్రాముల చొప్పున రోజుకు కనీసం మూడుసార్లు, భోజనాల తర్వాత నమిలితేనే పళ్లమీద పాచి తగ్గుతుందని చెప్పుకోవచ్చని 2009లో షరతు పెట్టారు. 2015లో కోక్రేన్ సమీక్షకులు పరిశోధనలన్నీ ముందేసుకుని, జైలిటాల్ గమ్ పిప్పిపళ్లను ఆపుతుందనడానికి ఆధారాలు చాలవని తేల్చారు. మనకా గొడవ లేదు. వరసలో ఆఖరి నంబరైతే చాలు, ముందువైపు పన్ను మెరిసిపోతుంది.

ఇక "సహజం" సంగతి. జైలిటాల్ ఒకప్పుడు భూర్జ చెక్కనుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న బెండ్లనుంచి తీస్తున్నారు. బెండును ఆమ్లంలో ఉడికించి, వచ్చిన చక్కెరకు నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే తయారవుతుంది. ఇది సహజమైతే మన ఊరి ఎరువుల ఫ్యాక్టరీ కూడా వనమే. అసలు నమిలే పదార్థం మాటేమిటి? పూర్వం అది మెక్సికో అడవుల్లోని సపోటా చెట్ల పాలు. ఇప్పుడు చాలావరకు పెట్రోలియం నుంచి పుట్టిన రబ్బర్లు, వడ్రంగి వాడే తెల్ల జిగురులోని పాలీవినైల్ ఎసిటేట్. ప్యాకెట్ మీద ఇదంతా "గమ్ బేస్" అన్న రెండు మాటల్లో సర్దుకుంటుంది. తినకూడనిదని కాదు, ప్రభుత్వాలు ఒప్పుకున్నవే. కానీ రబ్బరు ముద్దలో చిటికెడు మొక్కజొన్న కలిపి పైన ఆకు బొమ్మ వేయాలంటే గుండె ధైర్యం కావాలి.

మరి పళ్లకు మేలు ఎక్కణ్నుంచి వస్తోంది? ఎక్కువ భాగం నమలడం నుంచే. నమిలితే లాలాజలం ఎన్నో రెట్లు ఊరుతుంది, ఆమ్లాన్ని కడుగుతుంది, కాల్షియం, ఫాస్ఫేట్లు పంటికి తిరిగి అందిస్తుంది. అంటే మందు మన నోట్లోనే ఉంది. వాళ్లు అమ్మేది దాన్ని ఊరించే ముద్ద.

అమ్మేదెవరో కూడా చూడండి. 1891లో షికాగోలో సబ్బులమ్మిన రిగ్లీ, తర్వాత బేకింగ్ పౌడర్ డబ్బాతో గమ్ ఊరికే ఇచ్చాడు. కొసరుకే గిరాకీ పెరిగి అసలు మూలపడింది. 2007లో అతను పెట్టిన కంపెనీ షుగర్ ఫ్రీ గమ్‌లకు అమెరికా దంతవైద్యుల ముద్ర పడింది. మరుసటి ఏడు, 2008లో, 2,300 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొన్నది మార్స్. స్నికర్స్, ఎం అండ్ ఎంలు అమ్మే మార్స్! పన్ను పుచ్చబెట్టే సరుకూ, పుచ్చకుండా కాపాడే సరుకూ ఒకే గల్లాపెట్టెలో.

పంటి పేరు చెబితే దేశాల చట్టాలే వంగుతాయి. 1992లో గమ్ అమ్మకాన్ని నిషేధించిన సింగపూర్, అమెరికాతో స్వేచ్ఛావాణిజ్య ఒప్పందం కుదిరాక 2004లో "చికిత్స గమ్"కు తలుపు తీసింది. అదీ ఫార్మసిస్టు చేతిమీదుగా, కొన్నవాడి పేరు రాసుకుని.

ప్యాకెట్ మీద పూర్తి నిజాయితీగా ఉన్న వాక్యం ఒక్కటే ఉంది, అదీ వెనకవైపే: ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని.

కొనకుండా ఉండలేనివాళ్లు తీపి నంబర్లలో 967 ఒక్కటే ఉన్న ప్యాకెట్ కొనండి. దొరక్కపోతే తిన్న వెంటనే గ్లాసెడు నీళ్లతో పుక్కిలించండి, టీలో చక్కెర తగ్గించండి, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకుని పడుకోండి. కొన్నవాళ్ల ఇంట్లో కుక్క ఉంటే ఆ ప్యాకెట్ దానికి అందని చోట పెట్టండి. మన పళ్లను కాపాడే జైలిటాల్ కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఎగదోసి, చూస్తుండగానే ప్రాణం తీయగలదు.