పెరటి పువ్వుల చీటీ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వేదం వేంకటరాయశాస్త్రిగారు శృంగారనైషధానికి సర్వంకష, ఆముక్తమాల్యదకు సంజీవని రాసి పెట్టాక, కావ్యాల్లో కొత్త వ్యాఖ్యాతలకు పెద్దగా జాగా మిగల్లేదు. అందుచేత ఈ వ్యాఖ్యాత ఇంట్లో దొరికిన గ్రంథంతోనే సరిపెట్టుకున్నాడు. గ్రంథం చిన్నది. పాల లెక్క రాసుకునే కాయితం వెనకవైపు, నీలం పెన్నుతో, మూడు వాక్యాలు. ఫ్రిజ్జు తలుపుకి అయస్కాంతంతో అతికించి ఉంది.

అనుబంధ చతుష్టయం చెప్పకుండా ముందుకెళ్తే శాస్త్రజ్ఞులు ఊరుకోరు. విషయం: పువ్వులు. ప్రయోజనం: సాయంత్రం చుట్టాలు దిగేసరికి ముందుగది కళగా ఉండటం. సంబంధం: వైవాహికం. అధికారి: ఇంట్లో మిగిలిన ఏకైక మనిషి. రచనాస్థలం విజయనగరం జిల్లా కొత్తవలస, కాలం కార్తీకం. గ్రంథకర్త్రి చీటీ అంటించి ఎస్.కోట బస్సెక్కేసింది కనక సందేహాలు తీర్చేవారు లేరు. వ్యాఖ్య అవసరమైంది అందుకే.

మూలం

"పెరట్లో పువ్వులు నాలుగు కోసి ముందుగదిలో పెట్టండి. చేమంతుల జోలికెళ్లొద్దు. నీళ్లు మార్చండి."

టీక

పెరట్లో = ఇంటి వెనక జాగాలో. ఇది వ్యావర్తకం, అంటే బజారు పూలు పనికిరావని అర్థం. విశాఖ పూర్ణామార్కెట్టుకి పోయి గులాబీలూ జెర్బెరాలూ తెస్తే పని సులువే గాని మూలవిరుద్ధమౌతుంది.

ఇక్కడ రుతువర్ణన చెయ్యాలి. శరత్తు వచ్చిందంటే కావ్యాల్లో ఆకాశం తేటపడుతుంది, ఏళ్లలో బురద తేరుతుంది, వెన్నెల కాస్తుంది. ఆ కవులు కళింగ తీరంలో పెరడు వేసినవాళ్లు కారు. మా వైపు శరత్తు తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. రెండూ ఆశ్వయుజంలోనే. ఒకటి దసరా వెళ్లాక, ఒకటి నవరాత్రులు మొదలయ్యాక. వాటికి పేర్లున్నాయి గనక గుర్తున్నాయి. పేరు పెట్టించుకోని వాయుగుండాలు ఏటా వస్తూనే ఉంటాయి. ఈ నేల మీద శరత్పుష్పం అనిపించుకోవాలంటే ఒక్కటే లక్షణం కావాలి: గాలికి పడుకుని మళ్లీ లేవాలి.

బంతికి ఆ లక్షణం పుష్కలం. గాలివానకి మొక్క ఒరిగి నేలకి ఆనుతుంది. మట్టి తగిలిన కణుపుల దగ్గర కొత్తవేళ్లు పుడతాయి. కొస మాత్రం వెలుగు కోసం మెడ తిప్పి పైకి లేస్తుంది. వారం తిరిగేసరికి కాడ మోచెయ్యిలా వంగి, చివర పువ్వుతో నిలబడుతుంది. నర్సరీవాళ్లు పుల్ల కట్టి నిటారుగా పెంచిన బంతిలో ఈ వంపు దొరకదు. దీని ఉపయోగం ముందు చెబుతాం.

పువ్వులు = పుష్పములు. అర్థం తెలిసిందే, చిక్కల్లా హక్కుల దగ్గర. కొత్తవలసలోనే కాదు, తెలుగుదేశంలో ఏ పెరట్లోనూ పువ్వు కూజా కోసం పూయదు. మొదటి హక్కు దేవుడి గూటిది. కార్తీకంలో అది మరీ పెద్దది: రోజూ దీపం, సోమవారాలు శివుడు, చవితికి పాముపుట్ట, ద్వాదశికి తులసికోట. రెండో హక్కు జడది. మూడోది గుమ్మానిది. నాలుగోది పక్కింటి పెద్దమ్మది. తెల్లారగట్ల ఆవిడ గోడమీంచి చెయ్యి చాపి నందివర్ధనాలు కోసుకోవడం శ్రుతిస్మృతులకన్నా బలమైన ఆచారం. ఇవన్నీ తీరాక మిగిలిందే కూజాది.

పూర్వపక్షి లేచి అంటాడు: "వరస మార్చరాదా? విష్ణుచిత్తుడు పెరటి తోటలో పూలు కోసి స్వామికని దండ కడితే, గోదాదేవి ముందు తన జడలో ముడుచుకుని ఆనక పంపలేదా? స్వామి ఆ దండే కావాలనలేదా?" నిజమే. కాని గోదాదేవి పోరాడింది జడ తరఫున, కూజా తరఫున కాదు. వాదం కొట్టేశాం.

యాగంలో వాడగా మిగిలినదాన్ని పద్ధతిగా సాగనంపడాన్ని మీమాంసకులు ప్రతిపత్తి కర్మ అంటారు. మన ముందుగది పూలగుత్తి ఆ కోవలోది. ఈ సంగతి ఒప్పుకుంటే చాలా బెంగ తీరుతుంది. ఎర్ర మందారం దొరకలేదని, పారిజాతాలు చెట్టు కిందనుంచే పళ్లెంలోకెళ్లిపోయాయని ఏడవక్కర్లేదు. మందారం ఎలాగూ ఒక్కరోజు పువ్వు, నీళ్లలో పెట్టినా పెట్టకపోయినా సాయంత్రానికి ముడుచుకుంటుంది. పారిజాతానికి నిలబెట్టే కాడే లేదు. పోయినవి పోనీ. దేవుడూ జడా అడగనివి పెరట్లో చూడండి: కోడిజుట్టు పువ్వు, ఎండుతున్న తులసి వెన్నులు, ముదిరిన గోంగూర కాయలు, క్రోటను ఆకులు. శరత్తు రంగులన్నీ ఈ పనికిమాలిన వర్గంలోనే ఉన్నాయి.

నాలుగు = కొన్ని. నాలుగు మెతుకులు, నాలుగు మాటలు అన్నట్టు. లెక్క కాదు. జపానువాళ్ల పూలశాస్త్రంలో మాత్రం ఇది అపశబ్దం. వాళ్లకి నాలుగు చావుని గుర్తుచేసే అంకె. గుత్తిలో మూడో, అయిదో, ఏడో ఉండాలంటారు.

కొత్తవలస చీటీకి జపాను మతం దేనికని అడగొద్దు. ఈ ఊరికి జపానుతో చుట్టరికం ఉంది. బైలదిల్లా కొండల ఇనపరాయి జపాను ఉక్కు కర్మాగారాలకి పంపాలని 1960ల్లో కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మా జంక్షన్లోనే మొదలౌతుంది. రాయి అరకు మీంచి దిగి, మా ఊరు దాటి, విశాఖ రేవులో ఓడెక్కి పోయింది. అంత రాయి పట్టుకెళ్లినవాళ్ల దగ్గర రెండు పూల కొలతలు తెచ్చుకుంటే తప్పేంలేదు.

కొలతలివి. టోక్యోలో 1927లో పుట్టిన సోగెత్సు సంప్రదాయంలో, పాత్ర వెడల్పూ ఎత్తూ కలిపి దానికి ఒకటిన్నర రెట్లు పొడవుండాలి పెద్ద కాడ. అందులో ముప్పాతిక రెండో కాడ, దానిలో ముప్పాతిక మూడోది. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఇత్తడి గిన్నె తీసుకుంటే పెద్దది పదిహేనంగుళాలు, రెండోది పదకొండుంపావు, మూడోది ఎనిమిదిన్నరకి కాస్త తక్కువ. మూడూ మూడు వైపులకి ఒరగాలి గాని సైనికుల్లా నిలబడకూడదు. తుపాను వంచిన బంతికాడ అక్కరకొచ్చేది ఇక్కడే. జపానులో కొమ్మని అరచేతుల్లో పట్టి మెల్లిగా వంచడం ఒక విద్య. మాకు ఆ విద్య బంగాళాఖాతం ఉచితంగా చేసిపెడుతుంది.

కోసి = ఖండించి. గ్రంథంలో అన్నిటికన్నా గడ్డు మాట ఇది. తెలుగు చేతికి పువ్వు కొయ్యడమంటే గిల్లడం. బొటనవేలి గోరు తొడిమ కింద ఆనించి, చూపుడువేలితో పట్టి, ఓ తిప్పు. పువ్వు చేతిలో, కాడ మొక్కకే. బొట్టు పెట్టడం నేర్చిన వయసులోనే ఇదీ నేరుస్తాం. వాత్స్యాయనుడు అరవైనాలుగు కళలు లెక్కపెడుతూ బియ్యంతో పూలతో తీర్చే అలంకారాలు, పూలు పరచడం, దండలు గుచ్చడం, సిగపూలు దిద్దడం విడివిడిగా చెప్పాడు. పూలని నీళ్లలో నిలబెట్టడం ఆ జాబితాలో లేదు. సంక్రాంతి గొబ్బెమ్మ నెత్తిన బంతికైనా తలే చాలు. తెలంగాణ ఆడపడుచులు భాద్రపద అమావాస్యనుంచి తొమ్మిది రోజులు పేర్చే బతుకమ్మలో గునుగుకి కాడ ఉంటుంది. దాన్నీ కురచగా, సమంగా కోసి, కట్టలు కట్టి, తాంబాళంలో వలయాలుగా పేరుస్తారు. పూలు పేర్చే విద్యలో అంతకి మించింది తెలుగువాళ్లకి లేదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. కాని పేర్చడం వేరు, నిలబెట్టడం వేరు. కూజాకి కాడ కావాలి, గోరు వదిలి కత్తెర పట్టాలి.

విధి: పొద్దెక్కకముందు కొయ్యాలి. కణుపు కింద ఏటవాలుగా కొయ్యాలి. కోసిన కాడని వెంటనే నీళ్ల బకెట్లో ముంచాలి. నీళ్లలో మునిగే ఆకులు దూసెయ్యాలి.

అపవాదం: ఇంట్లోవాళ్లు తెల్లారే తలలు గిల్లేసి, కొన్ని బుట్టలో మిగిల్చితే? కొబ్బరి ఈనె తీసుకోండి. బంతి అడుగునుంచి గుచ్చి, రెండో కొస అరటిబోదె ముక్కలో దిగెయ్యండి. పెళ్లిపందిట్లో పనివాళ్లు చేసేదిదే. జపానువాళ్లు కాడలు గుచ్చడానికి ఇత్తడి ముళ్లున్న సీసపు దిమ్మ వాడతారు. అరటిబోదె దానికి తీసిపోదు, పైగా తనలోనే నీళ్లుంటాయి. ఈనె గుచ్చిన పువ్వు నీళ్లు తాగదు కనక మర్నాటికి తల వేలాడేస్తుంది. చుట్టాలు రాత్రి బండికే వెళ్లిపోతారు గనక దోషం లేదు.

ముందుగదిలో = టీవీ పక్కన. అరటిగెల పక్కన మాత్రం కాదు. మగ్గుతున్న పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు పువ్వుల్ని తొందరగా వాడుస్తుంది. కార్తీకంలో ఏ ఇంట్లో చూసినా గెల వేలాడుతూనే ఉంటుంది, జాగ్రత్త.

చేమంతుల జోలికెళ్లొద్దు = నిషేధం. నిషేధానికి కారణం అడగడం శాస్త్రసమ్మతం. చేమంతి రాత్రి పొడుగైతేగాని మొగ్గ తొడగని మొక్క. చీకటి మధ్యలో చెదిరితే అది ఇంకా వేసవే అనుకుంటుంది. గోడపక్క కరెంటు స్తంభానికి తెల్లటి కొత్త దీపం వేశాక, ఆ వెలుగు పడే కుండీలన్నీ ఆకులు పెంచుకుంటూ నిలబడ్డాయి. నీటి తొట్టి నీడలో ఉన్నవే మొగ్గ వేశాయి. ఆ మొగ్గలు లెక్కపెట్టి ఉన్నాయి. వాటికి హక్కుదారు కూడా ఖరారైంది: మార్గశిర లక్ష్మివారాలు. ఆ నెలలో గురువారం వస్తే జిల్లాలో సగంమంది మొహం బురుజుపేట కనకమహాలక్ష్మి వైపే ఉంటుంది. వెళ్లలేనివాళ్లు ఇంట్లోనే చేమంతులు పెట్టుకుంటారు.

పాఠాంతరం: మధ్యాహ్నం ఫోనులో గ్రంథకర్త్రి "మొగ్గ చేమంతులు" అన్నది. అలాగైతే విచ్చినవి కొయ్యొచ్చా అని వ్యాఖ్యాత అడగబోయే లోపల ఫోను పెట్టేసింది. చీటీ పాఠమే ప్రమాణమని నిర్ణయించాం.

నీళ్లు మార్చండి = స్పష్టం. బంతికాడ నీళ్లలో ఒక రాత్రి నానితే ఎంత కంపో తెలిసినవాళ్లకి వ్యాఖ్య అక్కర్లేదు.

తాత్పర్యం

పెద్ద కాడకి పదిహేనంగుళాల పువ్వు పెరట్లో లేదు. గోడ అవతల, రైలుకట్ట వైపు, రెల్లు తెల్లగా పూసి ఉంది. అది పెరటిది అవునా కాదా? గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు లక్షణావృత్తితో సర్దుతారు. అదే న్యాయాన పెరట్లో అంటే పెరటి గోడ దాపున అని. కనక రెల్లు మూలసమ్మతమే.

రెల్లు ఏటవాలుగా పైకి, దానికి ఎదురుగా మోచెయ్యి వంగిన బంతి, కింద గిన్నె అంచుమీదికి ఒరిగిన ఎర్ర కోడిజుట్టు. నీటి వార నిలవడానికి రెండు క్రోటను ఆకులు. అన్నీ కలిపితే నాలుగో అయిదో, జపానువాళ్లే తేల్చుకోవాలి. నందివర్ధనాలకని వచ్చిన పక్కింటి పెద్దమ్మ కిటికీలోంచి చూసి, "ఏటి బాబూ, రెల్లుగడ్డి తెచ్చి ఇంట్లో ఎట్టీసినావేటి? ఆవు నేదు కదా మీకు!" అంది. విమర్శ పదునైనదే. కాని బంతి మెక్సికోనుంచి సముద్రాలు దాటొచ్చిన పువ్వు. దాన్ని గుమ్మానికి కట్టుకుని, ఈ నేలమీద పుట్టిన రెల్లుని గడ్డి అని బయట నిలబెట్టడం మాత్రం ఏ న్యాయమో ఆవిడా చెప్పలేదు. ఈ వ్యాఖ్యాత తీర్పు: గిన్నెలో బంతికన్నా రెల్లే బాగుంది. సాయంత్రం వచ్చిన చుట్టాల్లో ఒకాయన కూడా దాన్నే తాకి చూశాడు, నూగు చొక్కాకి అంటింది.

ఫలశ్రుతి

రెల్లు పెట్టేవారు ఫ్యాను ఆపుకోండి. కోడిజుట్టు నీళ్లలో వాడాక తలకిందులుగా వేలాడదీసి ఎండబెడితే రంగు పెద్దగా పోదు, పైగా గింజలు రాల్తాయి, అవి దాచుకోండి. బంతి విత్తనానికి ఒక మొక్క కొయ్యకుండా వదిలెయ్యండి. చేమంతి పిలకలు కావలసినవాళ్లు సంక్రాంతి వెళ్లాక, పూత అయిపోయాక రండి. అడిగినవాళ్లకి తలా రెండు ఇస్తాం. కుండీలు మీరే తెచ్చుకోవాలి.