సముద్రం దాటింది, తలుపుసందు దాటలేదు

ఫైబర్ కనెక్షన్ పెట్టడానికి కుర్రాడు వచ్చాడంటే ఆ ఇంట్లో ముందుగా తేలాల్సింది రౌటర్ ఎక్కడ పెట్టాలన్నది. నడిహాల్లో గోడకు బిగిస్తే అన్ని గదులకూ వైఫై అందుతుందని అతనంటాడు. "మొన్న సంక్రాంతికే రంగులేయించాం, ఆ గోడ జోలికి మాత్రం రాకు బాబూ" అంటుంది ఇంటావిడ. టీవీ వెనకైతే ఎవరికీ కనబడదంటాడు ఇంటాయన. వైఫైకి కూడా ఏమీ కనబడదని కుర్రాడు గొణుగుతాడు గానీ ఎవరూ వినరు.

చివరికి ఏసీ పైపు కోసం ఎప్పుడో పొడిచిన కన్నం అందరికీ సమ్మతమవుతుంది. బయటి నుంచి ఇంటికి లాగిన డ్రాప్ వైరు అందులోంచి దూరి, కర్టెన్ రాడ్డు మీదుగా పాకి, తలుపు చౌకట్టు దగ్గర మెలి తిరిగి, చెప్పుల స్టాండు వెనక నేలకు దిగుతుంది. మిగిలిన నాలుగు బారల్నీ బిగించి చుట్ట చుట్టి, టీవీ వెనక కుక్కేస్తారు.

ఆ నల్ల తొడుగు లోపల ఉన్నది గాజు. వెలుతురు నడిచే మధ్య భాగం సుమారు 9 మైక్రాన్లు. దాని చుట్టూ ఉన్న గాజుపొరతో కలిపినా 125 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. గాజును తగినంత శుద్ధి చేస్తే దాంట్లోంచి దూరాలకు కబుర్లు పంపవచ్చని చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ 1966లో లెక్క కట్టారు. ఆ పనికి కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇవాళ్టి మంచి ఫైబర్లో కిలోమీటరు నడిచినా కాంతిలో ఐదు శాతం కూడా పోదు. సముద్రాల అడుగున పడుకుని ఖండాలను కలుపుతున్నది ఈ గాజే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌లోనైతే కరెంటు స్తంభాలెక్కి ఎండకూ వానకూ ఊగుతూ ఊళ్లకు చేరింది.

ఇంట్లోకి వచ్చాకే దానికి కష్టాలు.

కాంతి ఫైబర్ లోపలి అంచులకు తగిలి వెనక్కి మళ్లుతూ ముందుకు పోతుంది. తీగను మరీ వంచితే ఆ మళ్లింపు తప్పి, వెలుతురు పక్కనుంచి కారిపోతుంది. ఊళ్ల మధ్య తిన్నగా సాగడానికి పుట్టిన జీ.652 రకాన్ని 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదు. కాఫీ గ్లాసు చుట్టూ చుట్టినంత వంపన్నమాట. మన చౌకట్టు మూలలు అంత ఉదారంగా ఉండవు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో అంతస్తుల మీద అంతస్తులున్న భవనాల్లో ఫైబర్ తిప్పడానికి కంపెనీలు తంటాలు పడ్డాయి. వంపులు ఓర్చుకునే ఫైబర్ కోసం 2006లో జీ.657 ప్రమాణం వచ్చింది. మరుసటి ఏడాది కార్నింగ్ కంపెనీ 'క్లియర్‌కర్వ్' తెచ్చింది. ఈ జీ.657లో ఏ1 రకం 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా, ఏ2 7.5 దాకా, బీ3 అయితే 5 దాకా వంగుతాయి. డ్రాప్ వైరులో గాజుకు అటూ ఇటూ ఉక్కు తీగలో, ఫైబర్‌గ్లాస్ పుల్లలో పెట్టి తొడుగు వేస్తారు కాబట్టి, లాగితే ఆ బరువు గాజు మీద పడదు.

అయితే ఏ ప్రమాణంలోనూ క్యాలెండర్ మేకు గురించి రాయలేదు. బీరువా జరపడం గురించీ, తలుపు దబాలున వేయడం గురించీ, తడి తువ్వాలు ఆరేయడం గురించీ రాయలేదు. ఎలుకలకు చదువు రాదు.

ఒకనాటి సాయంత్రం, సరిగ్గా సీరియల్ వేళకు, రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్రలైటు మెరుస్తుంది. వెలుతురు అందడం లేదని పెట్టె మొర అది. ఇంటాయన స్విచ్చి ఆపి వేస్తాడు, వేసి ఆపుతాడు. మర్నాడు కుర్రాడొచ్చి, "ఏమైనా కదిపారా మేడమ్?" అంటాడు. "మేమసలు దాని దగ్గరికే పోలేదు బాబూ." ఏ ఇంట్లోనైనా ఇదే జవాబు.

అతను వాదించడు. పెన్నులాంటి ఎర్ర లేజరు తీసి కేబుల్ కొసకు తగిలిస్తాడు. గాజు ఎక్కడ విరిగిందో అక్కడ ఎరుపు బయటికి కారుతుంది. ఇంటిల్లిపాదీ చూస్తుండగా చెప్పుల స్టాండు వెనక, కొత్తగా కొట్టిన మేకు పక్కనే, చిట్లిన తొడుగులోంచి ఎర్రగా వెలుగుతుంది. ఆ మేకు ఎవరు కొట్టారన్న చర్చ అతను వెళ్లాక కూడా సాగుతుంది.

కనుక కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు తొడుగు మీద అచ్చేసిన అక్షరాలు చదవండి, జీ.657.ఏ2 ఉన్న కేబుల్ అడగండి. మూలల్లో గుండ్రంగా తిప్పమనండి, మిగిలిన చుట్టను వదులుగా ఉంచమనండి, మేకుల బదులు క్లిప్పులు వాడమనండి. ఊడిన కొసలోకి మాత్రం ఎవరూ తొంగి చూడొద్దు. అందులో వచ్చే కాంతి మామూలుగా 1490 నానోమీటర్లది, కంటికి కనబడదు. ఏమీ కనబడలేదంటే అక్కడ వెలుతురు లేదని కాదు.